మంద జోలికి పోని కుక్క

పాన్‌గల్ ప్రాంతంలోని మన పల్లె సంఘాల్లో చేను మీద బ్రతికే కుటుంబాలు ఉన్నాయి, జీవాల మీద బ్రతికే కుటుంబాలూ ఉన్నాయి. పల్లి చేను కాయ పట్టే రోజుల్లో అడవిపందులు రాత్రికి రాత్రే పంటను తవ్విపోస్తాయి. అందుకే చేనున్నవారు చురుకైన కుక్కను పెంచుకుంటారు. ఆ కుక్కే ఒకనాడు పక్కింటివారి మంద మీద పడితే? చూలు గొర్రె బెదిరి పరుగెత్తితే చాలు, పన్ను తగలకపోయినా ఈసుకుపోవచ్చు. ఆ కోపంలో కుక్కకు విషం పెట్టేవారుంటారు. ఆదివారం ఒకే చాప మీద కూర్చుని ఆరాధించిన రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి.

మంద విలువ చిన్నది కాదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చినప్పుడు ఆ మందకు కట్టిన వెల 1,25,000 రూపాయలు. అందులో కాపరి వాటా 31,250. ఒక్క కుక్క, ఒక్క పూటలో, ఆ కష్టార్జితాన్ని చెదరగొట్టగలదు.

ఈ సంగతి పరిశుద్ధ గ్రంథానికి కొత్త కాదు. ఎద్దు పొడిచే అలవాటు గలదని తెలిసీ యజమాని దాన్ని కట్టిపెట్టకపోతే నష్టం అతడే భరించాలని నిర్గమకాండము 21వ అధ్యాయం విధించింది. మన కుక్క విషయంలోనూ న్యాయం అదే.

పుట్టుకతో వచ్చిన గుణం

కృష్ణకు ఉపనది అయిన ఘటప్రభ ఒడ్డున, కర్ణాటకలో ముధోల్ పట్టణం ఉంది. అక్కడి వేటకుక్కల జాతి ఎంతో పేరు గలది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. ఇటువంటి కుక్క వాసన కంటె కంటిచూపును నమ్ముతుంది. పరుగెత్తేది కనబడగానే వెంటాడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కుందేలు, జింక వంటి వాటిని వేటాడడం నేరం. వేట మానినా వేట గుణం కుక్కలో మిగిలే ఉంటుంది. ఆ గుణం దాని తప్పు కాదు. దానికి హద్దు నేర్పడం మన బాధ్యత.

చిన్ననాడే మొదలుపెట్టాలి

కుక్కపిల్లకు మూడో వారం నుండి సుమారు పన్నెండో వారం వరకు చూసిన ప్రతిదీ మనసున నాటుకుంటుంది. ఆ వయసులోనే రోజూ కాసేపు గొర్రెల దొడ్డి దగ్గరకు తీసుకుపోవాలి. కోడి, మేక, లేగదూడ దానికి ఇంటివారిలా అలవాటు కావాలి. ఆఫ్రికాలోని నమీబియాలో 1994 నుండి చిరుతల సంరక్షణ సంస్థ ఒకటి రైతులకు కాపలా కుక్కపిల్లలను ఇస్తోంది. అవి మేకల మధ్యనే పెరిగి, చిరుతల నుండి ఆ మేకలనే కాస్తాయి.

తరువాత 'రా', 'ఆగు', 'వద్దు' అనే మూడు మాటలు మంద లేని చోట నేర్పాలి. మాట విన్న వెంటనే జొన్నరొట్టె ముక్కో, ఉడికిన గుడ్డు ముక్కో పెట్టాలి. ఇంట్లో వినని కుక్క మంద ముందు వినదు.

తాడు, దూరం, ఓర్పు

ఇక ముప్పై అడుగుల తాడు కట్టి, కాపరి అనుమతితో, నిలకడగా మేస్తున్న మందకు వంద అడుగుల దూరాన నిలబడండి. కుక్క గొర్రెలను చూసి మన వైపు తల తిప్పితే మెచ్చుకుని ముక్క పెట్టండి. ఒళ్లు బిగించి గురిచూస్తే అప్పుడే 'వద్దు' అని ఒక్కసారి, గట్టిగా, కోపం లేకుండా చెప్పి తాడును కొద్దిగా లాగి వెనుకకు తిప్పండి. తిరిగిన వెంటనే మెచ్చుకోండి. పరుగు అందుకున్నాక ఆపడం కష్టం. గద్దింపు ఆ క్షణంలోనే ఉండాలి. గంట తరువాత కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు.

నాలుగైదు రోజులు తప్పు జరగకపోతేనే మరి పది అడుగులు దగ్గరకు జరగండి. తప్పు జరిగితే దాన్ని కొట్టక, మళ్లీ దూరం పెంచండి. అంటే మనం తొందరపడ్డామన్నమాట. వారాలు, నెలలు పట్టినా పట్టనివ్వండి. తాడు విప్పే తొలి రోజుల్లో మూతికి ఊపిరాడే చిక్కం వేసి, పక్కనే ఉండాలి. రాత్రిపూట మన చేను దాటిపోకుండా చూడాలి.

చేయకూడనివి

పొట్టేలుతో పొడిపించడం, చచ్చిన కోడిని మెడకు వేలాడగట్టడం వంటివి కుక్కకు భయాన్ని నేర్పుతాయి గాని హద్దును నేర్పవు. దెబ్బలు తిన్న కుక్క యజమాని ఉన్నంతసేపే ఆగుతుంది, లేనప్పుడు పడుతుంది. జీవాలను కోసినప్పుడు పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయవద్దు. వాటి ద్వారా బద్దెపురుగు కుక్క కడుపులో చేరి, దాని గుడ్ల వలన గొర్రెలకూ మనుష్యులకూ నీటిబుడగల జబ్బు వస్తుంది. పశువైద్యుని అడిగి నులిపురుగుల మందు, ఏటేటా పిచ్చికుక్క వ్యాధి టీకా తప్పక వేయించాలి. ఒకసారి జీవాన్ని చంపిన కుక్కను మరల నమ్మి విడువరాదు. కట్టి పెంచాలి, పొరుగువానికి నష్టం చెల్లించాలి.

మన ఇంటి మాట

నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని లక్ష్యపెడతాడని సామెతల గ్రంథం 12వ అధ్యాయం బోధిస్తుంది. తండ్రులు పిల్లలకు కోపం రేపక, ప్రభువు బోధలో పెంచాలని ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు హెచ్చరించాడు. మన పిల్లలు కుక్కలు కారు. అయినా పెంచేవాని గుణం రెండు చోట్లా ఒకటే. నేర్పకుండానే శిక్షించేవాడు తన కోపాన్ని తీర్చుకుంటున్నాడు. ముందు నేర్పి, తప్పిన క్షణాన గద్దించి, తిరిగి వచ్చినప్పుడు చేరదీసేవాడే నిజంగా దిద్దుతాడు. తప్పిపోయిన మనలను ప్రభువు ఓర్చుకున్నది అలాగే గదా!

జీవాలున్న కుటుంబాలూ చేనున్న కుటుంబాలూ ఒక సాయంత్రం కూర్చుని ఈ విషయం మాట్లాడుకోవాలని మేము ప్రేమతో కోరుతున్నాము. నష్టం జరిగి తగవు పెట్టుకోవడం కంటె, మందను చూపించి కుక్కకు నేర్పడానికి కాపరి సాయం అడగడం మేలు. పొరుగువాని గొర్రె క్షేమంగా ఉండటం మన సాక్ష్యంలో భాగమే.