మీకు తెలుసా? ఒకే గుళికలో రెండు మందులు

హిందూపురంలోనో ధర్మవరంలోనో అరవై దాటిన పెద్దాయన రాత్రి నాలుగుసార్లు లేస్తుంటే ఇంట్లోవాళ్లు ‘షుగరేమో’ అంటారు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రనాళాన్ని నొక్కినా అంతే.

గ్రంథి బాగా పెరిగితే డాక్టర్లు తరచూ జంట మందు రాస్తారు. టామ్సులోసిన్ మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని వదులు చేస్తుంది; కొద్దిరోజుల్లోనే ధార మెరుగవుతుంది. డ్యూటాస్టెరైడ్ గ్రంథినే కుదిస్తుంది, కానీ తాపీగా. ఆరు నెలలైనా ఓపిక పట్టాలి. ఇదే కోవకు చెందిన డాక్సజోసిన్, ఫినాస్టెరైడ్‌లను అమెరికాలో 3,047 మందిపై పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర మింగినవారితో పోలిస్తే జబ్బు ముదిరే ముప్పు, రెండూ కలిపి వాడినవారిలో 66 శాతం తగ్గింది. విడివిడిగా 39, 34 శాతమే.

ఈ జంట మందు వాడుతున్న సంగతి కంటి డాక్టరుకూ చెప్పాలి, చిత్రంగా ఉన్నా సరే! టామ్సులోసిన్ వాడేవారికి శుక్లాల ఆపరేషన్‌లో ఐరిస్ పొర వదులై ఇబ్బంది పెట్టవచ్చు. డ్యూటాస్టెరైడ్, ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పసిగట్టడానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్షలో అంకెను దాదాపు సగానికి దించేస్తుంది. రిపోర్టు చూసి మురిసిపోతే పొరపాటే. ఆ మందు ఆపాక ఆరు నెలల దాకా రక్తదానమూ కుదరదు.

హిందూపురం, ధర్మవరం ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే, పుట్టపర్తి దగ్గర 1991లో మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది. వైద్యం ఉచితం.