ఆంగ్లమున అంత్యప్రాసపదములు – వాని యర్థవివేకము

రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలమునందలి ముడిమ్యాల యను గ్రామనామమున మూడవ యక్షరము పరిశీలింపదగినది. ‘మ్యా’ యని వ్రాయుదురు గాని, ఇట్టి వ్రాతచే సామాన్యముగా దెలుపబడునది ఏకారమునకును ఆకారమునకును నడుమనుండు నొక వివృతస్వరము. ‘మేక’, ‘పేట’ యను పదములను జనులు ‘మ్యాక’, ‘ప్యాట’ యన్నట్లు పలుకునపుడును ఈ స్వరమే పుట్టుచున్నది. పరాక్షరమున అకారముండుటచే పూర్వాక్షరమందలి ఏకారము వివృతమగుటయే యిందులకు గారణము. దీనికి మన వర్ణమాలలో బ్రత్యేకలిపి లేదు. ఆంగ్లమున బాలురు తొలుత నేర్చుకొను ‘క్యాట్’ (పిల్లి), ‘ర్యాట్’ (ఎలుక), ‘మ్యాట్’ (చాప), ‘హ్యాట్’ (టోపి) అను పదములలోని స్వరమును దీనికి జాల సమీపమైనదే. మాత్రలో మాత్రము అది మనదానికంటె గుఱుచ.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలయందు 2022-23 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడిన పిదప, ఇట్టి పదములను బోధించు భారము పల్లెబడుల యుపాధ్యాయులపై మఱింత హెచ్చినది. చివర ధ్వనిసామ్యముగల పదములను గుంపులుగా జేర్చి, తెలుగు లిపిలో వ్రాసికొని, అర్థముతో వల్లించుట సులభమార్గముగా దోచును. ఆ వ్రాత యెంతవఱకు దోడ్పడునో, ఎచ్చట నర్థమును జెఱచునో విచారించుట యీ వ్యాసమునకు బ్రయోజనము.

సాహిత్యదర్పణకర్తయగు విశ్వనాథుడు 14వ శతాబ్దివాడు. అతడు అనుప్రాసమును ఛేక, వృత్తి, శ్రుతి, అంత్య, లాట భేదములచే నైదు విధములుగా విభజించెను. హల్లు తనకు ముందున్న యచ్చుతో గూడ పాదాంతమునగాని పదాంతమునగాని మరల వచ్చుట అంత్యానుప్రాసము. ఆంగ్లేయులు ‘రైమ్’ అనునది యించుమించుగా నిదియే. అయినను వారికి మఱి రెండు నియమములు గలవు. పదమున ఊనికపడు నచ్చు మొదలుకొని చివరివఱకు ధ్వని సమానముగా నుండవలెను; ఆ యచ్చునకు ముందున్న హల్లు మాత్రము భిన్నముగా నుండవలెను. ‘మదర్’ (తల్లి), ‘బ్రదర్’ (సోదరుడు) అనువానిలో ఊనిక తొలి యచ్చుపై బడును. అచ్చటనుండి సామ్యమున్నది గనుక నవి ప్రాసపదములు. ‘సింగింగ్’ (పాడుట), ‘రీడింగ్’ (చదువుట) అనునవి చివర నొక్కటే యైనను ప్రాసపదములు గావు. అచ్చట గలిసినది ప్రత్యయమే. ‘సింగింగ్’ అనుదానికి ‘బ్రింగింగ్’ (తెచ్చుట) సరియైన జోడు. ఇక ‘నైట్’ అనగా రాత్రి. ‘నైట్’ అనగా వీరభటుడు. రెండవదాని వ్రాతలో మొదట ‘కె’ యున్నను పలుకబడదు. ఇట్లు తొలి హల్లును గలిసిపోయిన యెడల అది మనవారి యమకము. మన యాలంకారికులు మెచ్చిన యీ యమకమును ఆంగ్లచ్ఛందోవేత్తలు సామాన్యముగా మంచి ప్రాసగా నెంచరు.

తెలుగు ప్రాస దీనికి భిన్నము. పాదమున రెండవ యక్షరమందలి హల్లు పాదపాదమునకు నొక్కటిగా నుండవలెను; దానిపై నచ్చు ఏదియైనను గావచ్చును; ప్రాసకు ముందటి యక్షరము గురువైన నన్నిట గురువు, లఘువైన నన్నిట లఘువు గావలెను. ‘కలము’, ‘చెలిమి’, ‘పులుగు’ మనకు ప్రాసకు జెల్లును. ఆంగ్లేయుని చెవికి వీనిలో ప్రాసయే లేదు. ఉత్పలమాలాది వృత్తములకును కందమునకును ఈ నియమము తప్పదు. సీసము, ఆటవెలది, తేటగీతి దీని నపేక్షింపవు. ప్రాస లేని ద్విపద మంజరీద్విపద యగును. ఆంగ్లేయపాఠకులకు ఈ ఛందోమార్గమును దెలుపుటకై బ్రౌను దొర 1827లో ఆంధ్రసంస్కృతచ్ఛందస్సులపై నొక గ్రంథమును మదరాసున బ్రకటించెను.

తెలుగున ప్రాస పాదాదిని నిలుచుటకు గారణము భాషాస్వభావమందే కలదని యూహింపవచ్చును. మన పదములలో ప్రకృతి ముందును ప్రత్యయము వెనుకను నుండును. ‘వచ్చెను’, ‘పోయెను’, ‘చూచెను’ అని వాక్యములు ముగింప అంత్యసామ్యము అప్రయత్నముగా సిద్ధించును. సులభముగా దొరకుదానికి గౌరవము తక్కువ. రగడలయం దంత్యప్రాస యున్నను, అచ్చటను ఆదిప్రాస విడువబడలేదు. ఆంగ్లమో, పూర్వకాలపు విభక్తిప్రత్యయములను జాలవఱకు గోల్పోయినది. కావున నందు పదాంతము తఱచుగా ప్రకృతియే. ఆ భాషయు ప్రత్యయసమృద్ధమైయున్న కాలమున, ‘బేవుల్ఫ్’ కావ్యమునందువలె, పాదార్ధములను ఆద్యవర్ణసామ్యముచే గట్టుచుండెను. అది మన వళిని బోలినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి కవితాప్రభావముచే అంత్యప్రాస ప్రబలినది. అదియు శాశ్వతనియమము గాలేదు. 1667లో ప్రకటితమైన ‘పారడైస్ లాస్ట్’ మహాకావ్యమున మిల్టను దానిని విడిచెను. మన గురజాడ అప్పారావు 1910లో ‘ముత్యాల సరములు’ వ్రాయుచు ప్రాసనియమమును విడుచుట యిచ్చట స్మరింపదగినది.

ఆంగ్లప్రాసకు బ్రమాణము చెవియే గాని కన్ను గాదు. ఓ, యు, జి, హెచ్ అను నాలుగక్షరములు చివరగల పదములను జూడుడు: ‘టఫ్’ (గట్టిది), ‘కాఫ్’ (దగ్గు), ‘దో’ (అయినను), ‘త్రూ’ (గుండా), ‘బౌ’ (చెట్టుకొమ్మ). ఈ యైదింటిలో నేరెండును ప్రాసకు గలియవు. ‘టఫ్’ అనుదానికి ‘స్టఫ్’ (పదార్థము), ‘దో’ అనుదానికి ‘గో’ (వెళ్లు), ‘త్రూ’ అనుదానికి ‘బ్లూ’ (నీలము), ‘బౌ’ అనుదానికి ‘కౌ’ (ఆవు) జోడులు. ఈ జోడుల వ్రాతలు వేఱు. 1476లో కాక్‌స్టను ఇంగ్లండున అచ్చుకూటమును స్థాపించిన పిదప వ్రాత క్రమముగా గట్టిపడినది. పలుకుబడి మాత్రము మాఱుచునే వచ్చినది. అందుచే ‘లవ్’ (ప్రేమ), ‘మూవ్’ (కదలు) అనునవి వ్రాతలో గలిసియు పలుకులో విడిపోయినవి. 1775లో జాన్ వాకరు రచించిన నిఘంటువు పదములను చివరి యక్షరమునుండి వెనుకకు వరుసపఱచినది. అట్టి వరుసను జూచువాడు సయితము తుదకు చెవినే యడుగవలెను.

పూర్వకవుల ప్రాసలు పూర్వోచ్చారణమునకు సాక్షులు. పోపు కవి 1714లో విస్తరించి ప్రకటించిన ‘రేప్ ఆఫ్ ది లాక్’ కావ్యమున ‘టీ’ అను పదమును ‘ఒబే’ (విధేయముగా నుండు) అనుదానితో ప్రాస గలిపెను. నాడు దానిని ‘టే’ యని పలుకుచుండిరని దీనిచే దెలియును. తెలుగువారి ‘తేయాకు’లోని ఏత్వము ఆ పలుకుబడిని దలపించును. మనలోను ర, ఱ ల ఉచ్చారణభేదము నేడు నశించినను, ఒక పదమున సాధురేఫమో శకటరేఫమో నిర్ణయింప పండితులు ప్రాచీనపద్యముల ప్రాసస్థానమునే యాశ్రయింతురు. న్యాయ మొక్కటియే.

ఇక తెలుగు వ్రాతచే గలుగు గుణదోషములు. హ్రస్వదీర్ఘములు మనకు స్పష్టముగా నుండుట గొప్ప యుపకారము. ‘షిప్’ (ఓడ), ‘లిప్’ (పెదవి) ఒక గుంపు; ‘షీప్’ (గొఱ్ఱె), ‘స్లీప్’ (నిద్ర) మఱియొక గుంపు. అట్లే ‘పెన్’ (కలము), ‘హెన్’ (కోడిపెట్ట), ‘టెన్’ (పది) అనువానినుండి ‘ప్యాన్’ (మూకుడు), ‘మ్యాన్’ (మనుష్యుడు), ‘ఫ్యాన్’ (విసనకఱ్ఱ) అనువానిని ఆ ‘యా’ వ్రాతయే వేఱుచేయును. ఇచ్చట బాలుడు యకారమును విడదీసి పలుకకుండునట్లు చూచిన జాలును.

దోషములు మూడు. మొదటిది: ‘వైన్’ అనగా ద్రాక్షతీగ, ‘వైన్’ అనగా ద్రాక్షమద్యము. ఆంగ్లమున మొదటిదాని హల్లు పంటికిని పెదవికిని నడుమ బుట్టును. రెండవది పెదవులను గుండ్రముచేసి పలుకబడును. అచ్చట ప్రాసపదములైనవి తెలుగు వ్రాతలో యమకములైపోవుచున్నవి.

రెండవది మఱింత చిక్కైనది. ‘ఏజ్’ (వయస్సు), ‘పేజ్’ (పుట), ‘కేజ్’ (పంజరము) అను గుంపులో ‘డేజ్’ (దినములు) అను పదమును జేర్చిన కన్నునకు లోపము గానరాదు. కాని యది తప్పు. మొదటి మూడింట తాలవ్యజకారము, నాల్గవదాన సకారమునకు నాదముచేర్చిన దంత్యధ్వని యున్నవి. ‘రేజ్’ అని వ్రాసిన కోపమని చెప్పవలెనో ఎత్తుటయని చెప్పవలెనో తెలియదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున జకారమునకు దంత్యతాలవ్యభేదమును జెప్పియున్నాడు. ‘ౙోడు’, ‘ౙత’ లందలి దంత్యజకారము ఆ యాంగ్లధ్వనికి సమీపము. కావున నెత్తుటను ‘రేౙ్’ అనియు, కోపమును ‘రేజ్’ అనియు వ్రాసిన సందేహము తీఱును. బహుమానము ‘ప్రైౙ్’, వెల ‘ప్రైస్’. ‘ప్రైస్’ అనుదానికి ‘రైస్’ (బియ్యము) ప్రాసకు జెల్లును గాని ‘వైౙ్’ (వివేకి) చెల్లదు.

మూడవది: తెలుగు పదము లజంతములగుటచే మనవారు ఆంగ్లపదముల చివర ఉకారమును జేర్తురు. ‘బస్సు’, ‘గ్లాసు’, ‘ఐసు’ అని పలికిన నన్నియు ‘సు’కారముతో ముగియుటచే ప్రాసపదములన్న భ్రాంతి కలుగును. ఆ ‘సు’కారమునకు ముందున్న యచ్చులు వేఱుగనుక వీనిలో బ్రాసయే లేదు. ఉకారమును దీసివేసి, మిగిలిన హల్లును దాని పూర్వాచ్చుతో గూడ వినుట నేర్పవలెను. విశ్వనాథుని లక్షణ మిచ్చటనే పనికివచ్చును.

ధ్వనిసామ్యము స్మృతికి దోడుగాని యర్థమునకు బ్రమాణము గాదు. ‘బ్యాట్’ అనిన గబ్బిలమును గావచ్చును, బంతిని గొట్టు సాధనమును గావచ్చును, వాక్యమే నిర్ణయించును. కావున ప్రతిపదమును చిన్న వాక్యముతో జేర్చి, ముందు వినిపించి, పిదప పలికించి, తరువాతనే వ్రాయించుట యుక్తము. ప్రాసవిచారము వచ్చిన తెలుగు పండితుడు ఈ బోధనకు బయటివాడు గాడు. స్థానప్రయత్నములు తెలిసినవాడగుటచే ముందు నిలువదగినవాడు. ముడిమ్యాల బాలుడు తన యూరిపేరు సరిగా పలికిననాడే ఆ ‘క్యాట్’లోని యచ్చు సగము వానికి వశమైనది. తక్కిన సగమును వానికి జూపుట గురువుల పని.