బిడ్డ బరువు – గ్రాముల లెక్క

పూర్వము బంగాళమున సేరు 80 తులములు. మద్రాసు రాజధానిలో 24 తులములే. ఒకే పేరుగల తూనిక ప్రాంతమును బట్టి మారుచుండెను. ఈ గందరగోళమును తొలగించుటకు 1956లో చట్టము వెలువడినది. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము క్రమముగా వాడుకలోనికి వచ్చినది.

ఆరోగ్యరక్షణకు ఈ సమానత మిక్కిలి ముఖ్యము. పుట్టిన శిశువు 2,500 గ్రాములకు తక్కువ తూగినచో బరువు చాలదని గ్రహింపవలెను. అట్టి బిడ్డను తల్లి ఎదకు ఆనించి వెచ్చగా ఉంచి, తల్లిపాలు పట్టి, వైద్యునకు చూపవలెను.

పిల్లలకు అనేక మందులను కిలోగ్రాము బరువునకు ఇన్ని మిల్లీగ్రాములని వైద్యులు నిర్ణయింతురు. 1,000 మిల్లీగ్రాములు ఒక గ్రాము. ఒకదానిని మరియొకటిగా భావించినచో మోతాదు వేయి రెట్లగును, ప్రాణాపాయము సంభవింపవచ్చును.

కావున తల్లిదండ్రులు బిడ్డను తూయించి, ఆ బరువును వైద్యునకు తెలుపవలెను. వంటింటి చెంచాను విడిచి, మందుసీసాతో వచ్చిన కొలపాత్రతోనే మందు పోయవలెను.