అడ్వాన్స్ అంటే ఏ పైసలు?

దీపావళి పోయింది. ఊళ్లోకి గుంపు మేస్త్రి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమిరా, ఈసారి వస్తవా?"

"వస్త మేస్త్రీ. అడ్వాన్స్ ఎంతిస్తవ్?"

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో ఈ మాట వినని వాళ్లు ఉండరు. ఇవి ఇప్పుడు మూడు జిల్లాల కేంద్రాలు. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. మహబూబ్‌నగర్ పాత పేరు పాలమూరు. పాలమూరు కూలీలు డ్యాములు కట్టారు. కాలువలు తవ్వారు. ముంబై, పుణె, బెంగళూరుల్లో ఇళ్లు, రోడ్లు కట్టారు. చాలామంది మేస్త్రి ఇచ్చిన అడ్వాన్స్ తీసుకునే బస్సెక్కారు.

అడ్వాన్స్ ఇంగ్లీషు మాట. ఇంగ్లీషులో దానికి చాలా అర్థాలు ఉన్నాయి. సైన్యం ముందుకు నడిస్తే అడ్వాన్స్ అంటారు. ఒక దేశం చదువులో, వైద్యంలో ముందుకు పోతే అదీ అడ్వాన్సే. పని కాకముందే ఇచ్చే పైసలు కూడా అడ్వాన్సే. మన 'ముందు' అనే మాట కూడా ఇలాంటిదే. ముందు నడిచేవాడు అంటాం. ముందు ఇచ్చిన పైకం అంటాం. అయితే మన ఊళ్లకు ఇంగ్లీషు మాటలోని పైసల అర్థమే వచ్చింది. సైన్యం నడక రాలేదు.

ఆ పైసల్లో కూడా రకాలున్నాయి. అన్నీ ఒకటి కావు.

ఒక రైతు ఎకరం భూమి కొంటాడు. బేరం కుదిరింది. కొంత డబ్బు ముందు ఇచ్చాడు. దాన్ని బయానా అంటారు. పాత కాగితాల్లో సంచకారం అని రాసేవారు. మాట మీద నిలబడతానని ఇచ్చే డబ్బు ఇది. కొనేవాడు తానే వెనక్కి పోతే బయానా పోగొట్టుకోవచ్చు. ధరలో భాగంగా మాత్రమే ఇచ్చిన అడ్వాన్స్ అలా కాదు. బేరం చెడితే మామూలుగా అది తిరిగి రావాలి. అందుకే కాగితం మీద ఏ మాట రాశారో చూసుకోవాలి. నోటితో రెండూ ఒకటే అంటారు. కోర్టులో రెండూ ఒకటి కావు.

ఆఫీసు ఉద్యోగి పండుగ అడ్వాన్స్ తీసుకుంటాడు. అది నెలనెలా జీతంలో కొంత కొంత కోత పడుతుంది. అంతే. అడ్వాన్స్ తీరేదాకా ఆఫీసులోనే పడుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పరు. ఊరికి పోతానంటే ఆధార్ కార్డు గుంజుకోరు.

కూలి అడ్వాన్స్ దగ్గరే చిక్కు.

ఆలుమగలు ఇద్దరూ ఆరు నెలల పనికి 30,000 రూపాయల అడ్వాన్స్ తీసుకున్నారు అనుకుందాం. లెక్క చేసి చూడండి. ఆరు నెలలంటే 180 రోజులు. 30,000ను 180తో భాగిస్తే రోజుకు సుమారు 166 రూపాయలు. ఇది ఇద్దరి కూలి. ఒక్కరికి 83 రూపాయలు. ఒక్కసారిగా చేతిలో పడ్డప్పుడు 30,000 పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది. బిడ్డ పెళ్లి బాకీ తీరుతుంది. బోరు అప్పు తీరుతుంది. రోజు లెక్కకు తెచ్చి చూసేవాళ్లు తక్కువ.

పని దగ్గర తిండికి పైసలు కావాలి. మేస్త్రి వారం వారం ఖర్చులకు ఇస్తాడు. దాన్ని కూడా పుస్తకంలో రాసుకుంటాడు. ఒంట్లో బాగాలేక నాలుగు రోజులు పడుకుంటే ఆ రోజులు కోత. ఆరు నెలల తర్వాత లెక్క చూస్తారు. "ఇంకా ఐదు వేలు బాకీ ఉన్నవ్. వచ్చే ఏడు రా" అంటాడు మేస్త్రి.

ఊళ్లో ఇచ్చినప్పుడు దాని పేరు అడ్వాన్స్. మేస్త్రి పుస్తకంలో దాని పేరు అప్పు. లెక్క నాడు దాని పేరు బాకీ. పైసలు అవే. పేరు మారినప్పుడల్లా కూలి మెడకు ముడి బిగుస్తుంది. మేస్త్రి మీద కూడా పైనున్న కాంట్రాక్టరు ముడి ఉంటుంది. అయినా పుస్తకం, కలం ఉన్నది మేస్త్రి చేతిలోనే.

గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి సాగులో కూడా ఈ మాట ఉంది. కంపెనీకి, రైతుకు నడుమ ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడికి అడ్వాన్స్ ఇస్తాడు. పంట లెక్కలో వడ్డీతో పట్టుకుంటాడు. వడ్డీ పడితే అది అప్పే. పేరు అడ్వాన్స్ అయినంత మాత్రాన అప్పు కాకుండా పోదు. క్రాసింగ్ పనికి ఆడపిల్లలను పంపమని తల్లిదండ్రులకు అడ్వాన్స్ ఇచ్చిన రోజులూ ఉన్నాయి. అప్పు కింద పిల్లల పనిని రాసిచ్చే ఒప్పందం చెల్లదని 1933లోనే చట్టం చేశారు.

పెద్దవాళ్ల విషయంలో 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అడ్వాన్స్ అంటే ఏమిటో ఆ చట్టంలోనే రాసి ఉంది. పైసలుగా ఇచ్చినా, బియ్యం లాంటి వస్తువుగా ఇచ్చినా, రెండూ కలిపి ఇచ్చినా అడ్వాన్సే. ఆ చట్టంలో వెట్టికి దేశమంతటా ఉన్న పేర్లు వరుసగా రాశారు. అందులో భగేలా ఉంది. జీతం, పాలేరు, వెట్టి ఉన్నాయి. భగేలా అంటే అప్పు కింద మనిషి చాకిరీ చేయడం. నిజాం ప్రభుత్వం 1936లోనే భగేలా ఒప్పందాల మీద చట్టం చేయాల్సి వచ్చింది. అడ్వాన్స్ కొత్త మాటే గాని, పని పాతదే.

అయితే అడ్వాన్స్ ఇచ్చిన ప్రతివాడూ వెట్టి చేయిస్తున్నట్టు కాదు. మరి ఎప్పుడు వెట్టి అవుతుంది? అడ్వాన్స్ కింద కూలి ఇవ్వకపోయినా, నామమాత్రంగా ఇచ్చినా వెట్టే. వేరే పనికి పోనివ్వకపోయినా వెట్టే. ఊరికి కదలనివ్వకపోయినా వెట్టే. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా చాలు. అలాంటి అప్పు తీర్చాల్సిన పని లేదు. చట్టం దాన్ని కొట్టేసింది. వెట్టి చేయించినవాడికి మూడేళ్ల దాకా జైలు. సుప్రీంకోర్టు 1982లో ఇంకో మాట చెప్పింది. ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలి కంటే తక్కువకు పని చేయించడం కూడా వెట్టేనని.

వెట్టిలో చిక్కినవాళ్లు కలెక్టరుకు గాని, ఆర్డీవోకు గాని దరఖాస్తు ఇవ్వాలి. పని చేస్తున్న జిల్లా అధికారులకు ఇవ్వచ్చు. ఊళ్లో ఉన్న బంధువులు కూడా ఇవ్వచ్చు. విచారణలో నిజమని తేలితే విడుదల పత్రం ఇస్తారు. దాన్ని పోగొట్టుకోకూడదు. పునరావాస సాయానికి అదే ఆధారం.

మళ్లీ అరుగు దగ్గరికి వద్దాం. మేస్త్రి నోట్లు లెక్కపెడుతున్నాడు. కూలి భార్య గడపలో నిలబడి ఉంది. రాత్రిబడిలో చదువు నేర్చుకున్న మనిషి.

"మేస్త్రీ, ఇది కూలిల పట్టుకునేదా, అప్పా?"

"అడ్వాన్స్ అంటున్న గదమ్మా."

"రోజుకు కూలి ఎంత? వారం ఖర్చులు ఏడ రాస్తవ్? అది కాయితం మీద పెట్టు. రెండు కాయితాలు రాయి. ఒకటి నీకాడ, ఒకటి మాకాడ."

మేస్త్రి కాసేపు ఏమీ అనలేదు. జేబులోంచి కలం తీశాడు.