నీడా? ఆకాశమా?

1960లో సుప్రసిద్ధ అమెరికన్ నవలాకారుడు జాన్ స్టయిన్‌బెక్ తన దేశాన్ని మరల కన్నులారా చూడవలెనని సంకల్పించి, లారీ మీద ఒక చిన్న ఇంటిని అమర్చుకొని బయలుదేరినాడు. డాన్ క్విక్సోట్ గుఱ్ఱం పేరే ఆ బండికీ పెట్టినాడు. తోడు చార్లీ అనే కుక్క. ఆ యాత్రాగ్రంథం 1962లో వెలువడినది. ఆనాటి బాటసారి తనవారితో మాటాడవలెనంటే ఉత్తరం వ్రాయవలెను. లేదా దారిలో టెలిఫోను వెదకుకొనవలెను.

అమెరికాలో నేడు 'ఆర్‌.వి.' అని పిలిచే ఇంటిబండిలో పడక, పొయ్యి, స్నానపుగది అన్నీ చక్రాల మీదనే ఉంటాయి. అందులో తిరిగేవారందరూ విహారులు కారు. బండిలోనే కూర్చుండి ఉద్యోగం చేసేవారూ పలువురు కలరు. వారికి ఇంటర్నెట్ వేడుక కాదు, కూడు.

ఊళ్ల దాపున సెల్ టవర్లు ఆదుకుంటాయి. కొండలు అడ్డమైనకొద్దీ సిగ్నల్ సన్నగిల్లుతుంది. బండి కప్పుమీద యాంటెన్నా, లోపల బూస్టరు అమర్చుకుంటే సన్నని సిగ్నల్ బలపడుతుంది. కాని బొత్తిగా లేని సిగ్నల్‌ను ఏ బూస్టరూ పుట్టించలేదు. సిగ్నల్ ఉన్నచోటనైనా ఇబ్బంది తప్పదు. చలికాలంలో ఆరిజోనాలోని క్వార్ట్‌జైట్ ఎడారికి ఇంటిబండ్లు వేలుగా చేరుతాయి. అప్పుడు ఒక్క బావిలో వేయి చేదలు పడినట్లే.

ఇక ఉపగ్రహాలు. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెక్కి దిగి, జవాబు తిరిగి పైకెక్కి దిగేసరికి దాదాపు అర సెకను గడుస్తుంది, సంభాషణ తడబడుతుంది. 2022లో స్టార్‌లింక్ సంస్థ ఇంటిబండ్లకు ప్రత్యేక సేవ ప్రారంభించినది. దాని ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తుననే తిరుగుతాయి కనుక ఆలస్యం స్వల్పం. అయితే అవి నిలకడగా ఉండవు. ఒకటి దాటిపోగా మరొకదానిని అందుకొనవలెను. అందుకు విశాలమైన ఆకాశం కావలెను.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ వృక్షాలలో కొన్ని వంద మీటర్లకు మించి పెరుగుతాయి. ఆ నీడకోసమే యాత్రికుడు ఇల్లు విడిచి వచ్చినాడు. కాని అదే నీడ ఉపగ్రహాన్ని కప్పివేస్తుంది. కప్పుమీది సౌరఫలకాలు సైతం ఎండనే కోరుతాయి. కొందరు బండిని నీడలో ఉంచి, పొడవైన తీగతో యాంటెన్నాను బయట పెడతారు. తీగ చాలనంత దట్టమైన అడవిలో ఆ ఉపాయమూ పారదు. ఉద్యోగపు వేళ బయలులో ఎండకు మాడవలెను. నీడ కావలెనంటే పని విడువవలెను.

మన తెలుగు యువకులూ అక్కడ సెలవులలో ఇటువంటి బండ్లను అద్దెకు తీసుకొని ఎల్లోస్టోన్ వంటి వనాలకు పోతున్నారు. రెండు రోజులు కబురు లేకపోతే ఇక్కడి తల్లికి నిద్రపట్టదు. ఇందుకు ఏ యంత్రమూ అక్కరలేదు. ఎక్కడికి పోతున్నదీ, ఏనాటికి తిరిగి మాటాడగలిగేదీ బయలుదేరకముందే చెప్పితే చాలును. దారిపటాలను సిగ్నల్ ఉండగానే ఫోనులో దాచుకొనవలెను. కాగితపు పటమొకటి వెంట ఉండవలెను.

ఆ పని ముగిసిన తరువాత బండిని నిశ్చింతగా చెట్టుకిందికే తోలుకొనవచ్చును.