కాలిన గాయానికి అరటాకు కట్టు

వంటచేస్తూ చీరకొంగు అంటుకుని కాలినవారికి బాధ ఆ రోజుతో తీరదు. కట్టు మార్చినప్పుడల్లా గాయానికి అతుక్కున్న గాజుగుడ్డ కొత్తగా వస్తున్న చర్మాన్ని కూడా లాగేస్తుంది. ఆ బాధకు జడిసి కొందరు మధ్యలోనే ఆసుపత్రికి వెళ్లడం మానేస్తారు. గాయం చీము పడుతుంది. వేళ్లు, మోచేతులు ముడుచుకుపోతాయి.

పెద్ద గాయాలకు మార్ఫిన్ వంటి నల్లమందు జాతి మందులు తప్పవు. అయితే మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. చాలాకాలం వాడితే అలవాటుగా మారవచ్చు. నొప్పి పుట్టకుండానే చూసుకుంటే వాటి అవసరమూ తగ్గుతుంది.

ఇందుకు పెరటి అరటాకు దారి చూపింది. ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ మాధురీ గోరే అరటాకులను గుడ్డకు అంటించి, ఆవిరితో శుద్ధిచేసి కట్టుగా వాడారు. 2003లో ప్రచురితమైన పరిశీలనల్లో ఆ ఆకు గాయానికి అంటుకోలేదు. అతుకు కోసం చర్మం తీసిన చోట వ్యాజిలిన్ గాజుగుడ్డ కంటే నొప్పి తక్కువని తేలింది. ఖర్చూ స్వల్పమే.

ఏ కట్టయినా విప్పేముందు సెలైన్‌తో బాగా నానబెట్టాలి. డాక్టరు చెబితే పారాసిటమాల్ మాత్ర ముందుగానే వేసుకోవాలి. పిల్లలకు కథో పాటో వినిపించి మనసు మళ్లిస్తే నొప్పి తక్కువగా తెలుస్తుంది.

శుద్ధిచేయని పచ్చి ఆకును ఇంట్లో కట్టవద్దు. కాలిన వెంటనే 20 నిమిషాలు చల్లని నీటిధార కింద ఉంచండి. సిరా, పేస్టు పూయవద్దు. కట్టు నొప్పిగా ఉంటే నర్సుకు ముందే చెప్పండి గాని, కట్టించుకోవడం మానకండి.