అప్‌గ్రేడ్ అయ్యాక అక్షరాల బదులు డబ్బాలు

యానాం అగ్రహారంలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలకీ దరఖాస్తులకీ వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ మధ్య కనకాలపేట, మెట్టకూరు వైపు నుంచి కాలేజీ పిల్లలు కూడా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వస్తున్నారు. పాత మెషిన్లలో లినక్స్ వేసుకున్నవాళ్లు. “అక్కా, అప్‌గ్రేడ్ కొట్టాను, తెలుగు పోయింది” అంటారు.

తెలుగు ఎక్కడికీ పోదు. ఫైల్లో ప్రతి అక్షరానికీ ఉన్న యూనికోడ్ అంకె అలాగే ఉంటుంది. తెర మీద దాని రూపం గీసే చోటే తేడా వస్తుంది. అందుకే ఫార్మాట్ చేసేయమని ఎవరు చెప్పినా వినొద్దంటాను.

2025 మార్చిలో వచ్చిన లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ 48 సంగతే చూడండి. మెనూలకి అంతకుముందున్న కాంటరెల్ తీసేసి అద్వైత శాన్స్ అనే కొత్త ఫాంట్ పెట్టారు. ఆ ఏడాది ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 లినక్స్‌లో ఇదే గ్నోమ్ ఉంది. ఈ రెండు ఫాంట్లలోనూ తెలుగు అక్షరాల్లేవు. అప్పుడు ఫాంట్‌కాన్ఫిగ్ అనే భాగం మెషిన్‌లో తెలుగున్న మరో ఫాంట్‌ని వెతికి తెస్తుంది. ఒక్కటీ దొరక్కపోతే డబ్బాలే. చాలా ప్రోగ్రాముల్లో ఆ డబ్బా లోపల చిన్న అంకెలు కూడా కనిపిస్తాయి, కళ్లు దగ్గరగా పెట్టి చదవండి. ‘0సీ24’ అని ఉంటే అది మన ‘త’. 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా తెలుగుకి కేటాయించిన చోటు. అంటే అక్షరం భద్రంగా ఉంది, ఫాంటే లేదు. లోహిత్ తెలుగో, నోటో శాన్స్ తెలుగో వేస్తే సరిపోతుంది. పోతన, వేమన ఫాంట్లు కూడా డెబియన్‌లో దొరుకుతాయి.

డబ్బాలు కాకుండా వత్తులు విడిపోయి కనిపిస్తే అది వేరే జబ్బు. ‘స్త్రీ’ మనకి ఒకే అక్షరం. కంప్యూటర్ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, వెరసి ఆరు. వీటిని కలిపి ఒక్క రూపం చేసే పని లినక్స్‌లో ఎక్కువగా హార్ఫ్‌బజ్‌ది. ఎలా కలపాలో చెప్పే నియమాలు ఫాంట్‌లో ఉంటాయి. బ్రౌజర్‌లో ‘స్త్రీ’ బాగుండి ఒక్క టెర్మినల్లోనే చెదిరితే లోపం ఆ ప్రోగ్రాముది, ఫాంట్ మార్చి లాభం లేదు. ఈ కలపడం తేలిక పని కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ని ఒక ప్రత్యేక పద్ధతిలో టైపు చేసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది.

విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో తయారైన దరఖాస్తులు మా దగ్గరికి చాలానే వస్తాయి. మా ఊరి పక్కన పారే పాయ పేరే ఆ ఫాంట్‌కీ ఉంది గానీ, లినక్స్‌లో అది రాదు. దాని బదులు వేరేది వచ్చి కూర్చుంటుంది, వెడల్పులు మారి ఒక పేజీ దరఖాస్తు రెండో పేజీలోకి జారుతుంది. అలాంటప్పుడు ‘ఎఫ్‌సీ-మ్యాచ్’ అనే ఆదేశానికి గౌతమి పేరిస్తే, బదులుగా ఏ ఫాంట్ వస్తోందో చెప్పేస్తుంది.

మీకు నచ్చిన తెలుగు ఫాంట్ పేరుని మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫాంట్‌కాన్ఫిగ్ ఫైల్లో రాసి పెట్టుకోండి. సిస్టమ్ ఫోల్డర్లో రాయకండి. హోమ్‌లో ఉన్నదాని జోలికి తర్వాతి అప్‌గ్రేడ్ రాదు.